మంటల్లోంచి లేచిన చెట్టు

మా లోయలోకి కొత్తగా ఎవరు దిగినా నోలా బర్డన్ పెరట్లో ఆపిల్ చెట్టు చూడకుండా పోయేవారు కాదు. చూడకుండా పోదామనుకున్నా నోలా పోనిచ్చేది కాదు. టీ ఇస్తాను రమ్మని లోపలికి పిలిచేది, ఆ టీ వంటింటి వెనక మెట్ల మీద ఇచ్చేది, ఆ మెట్లకి ఎదురుగా చెట్టు ఉండేది. ఇక తప్పించుకునే దారేది? కప్పు ఖాళీ అయ్యేలోగా కథంతా వినాల్సిందే.

కథ అబద్ధం కాదు. కాదనే అందరం అనుకున్నాం. అరవై ఏడు ఫిబ్రవరిలో కొండల మీది మంట మా హ్యూవన్ లోయలోకి దిగినప్పుడు బర్డన్ల ఇల్లు, కొట్టం, గుర్రాలు, తోట, ఆఖరికి గుర్రాల్ని విప్పడానికి వెళ్లిన నోలా తాత సైలస్ కూడా ఒక్క మధ్యాహ్నంలో కాలిపోయారు. నోలాకి అప్పుడు ఐదేళ్లు. ఆ ఏడు సెప్టెంబరులో, వంటింటి వెనక బొగ్గులా మిగిలిన ఆపిల్ మోడు మొదట్లోంచి పచ్చటి చిగురొకటి లేచింది. నోలా తండ్రి సెసిల్ దాన్ని చెట్లెక్కే పోసమ్ జంతువులు కొరక్కుండా చుట్టూ రేకు కట్టాడు. చిగురు కొమ్మయింది, కొమ్మ మానయింది, పదేళ్లు దాటాక కాసింది. చారలు చారలుగా ఎర్రగా, రెండు చేతులు పట్టేంత కాయ. పేరు బర్డన్ బ్యూటీ. నోలా ముత్తాత పెంచిన రకం, తోటతోపాటు లోకంలోంచే పోయిందనుకున్నది. అదిగో, మళ్లీ లేచింది. మా తాతే లేచాడనేది నోలా, ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి కళ్లు తుడుచుకునేది. మేమూ తుడుచుకునేవాళ్లం, ఎన్నోసారి విన్నా సరే.

మా వైపు చలికాలమైన జులైలో చెట్ల కొమ్మలు కత్తిరించే రోజుల్లో అందరం నోలా ఇంటికే వెళ్లేవాళ్లం, అంటుపుల్లల కోసం. దీనికి మా దగ్గర ఓ పద్ధతుంది. అంటుపుల్ల అడిగిన మనిషికి లేదనకూడదు. పుచ్చుకున్న మనిషి థాంక్స్ చెప్పకూడదు. చెప్తే అంటు అతుక్కోదు. హోబార్ట్ పట్నం నుంచి వచ్చి స్థిరపడ్డ డాక్టర్లు కూడా ఇక్కడికొచ్చాక మొదట నేర్చుకునేది ఇదే. పుల్లలు అందుకుని, నోరు బిగించుకుని, తల ఊపి పోతారు. అలా లోయలో సగం పెరళ్లలో నోలా ఇచ్చిన పుల్లలే చెట్లయ్యాయి. ఊరి హాల్లో కోతపండగ నాడు పాత ఆపిల్ రకాలు పెట్టే బల్లకి పెద్దరికం ఆమెకి ఊరికే వచ్చిందా మరి!

ఓ ఏడు ఏప్రిల్లో ఆ బల్ల మీద వెర్న్ హస్కెట్ ఓ పళ్లెం పెట్టాడు.

వెర్న్‌కి ఆపిళ్ల సంగతి ఏమీ తెలియదు. బతుకంతా సముద్రం మీద, ఆల్చిప్పలు పట్టే పడవల్లో గడిపి, మోకాళ్లు మొరాయించాక నది అవతలి ఒడ్డున వాళ్ల అమ్మమ్మ ఇంటికి వచ్చి పడ్డాడు. ఆ ఒడ్డుకి అప్పట్లో మంట దాటలేదు. ఇంటి పక్కన ఎవరూ పట్టించుకోని ముసలి చెట్టొకటి విరగ్గాసింది. అందులోంచి ఐదు కాయలు కోసి, పేపరు పళ్లెంలో పెట్టి, అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'బర్డన్ బ్యూటీ' అని రాసి తెచ్చాడు. చొక్కా కూడా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు పాపం.

పసుపు కాయలు. తోలంతా గోధుమరంగు గరుకు. పళ్లెం చూసి నోలా నవ్వింది.

"వెర్న్, బంగాళాదుంపల బల్ల అటువైపు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెర్న్ కూడా నవ్వాడు.

"దుంపలు కావమ్మా. మా అమ్మమ్మ చెట్టువి. బర్డన్ బ్యూటీ అనేది ఆవిడ. మీ తాతే పుల్ల ఇచ్చాడట."

"దీన్నా బ్యూటీ అనేది? మీ అమ్మమ్మకి చత్వారం వచ్చి ఉంటుంది."

"చత్వారం ఉన్నమాట నిజమేలే," అన్నాడు వెర్న్. "రూపం నాకూ నచ్చలేదనుకో. కానీ కొరికి చూడు. కొరక్కుండా కాదంటే ఎలా?"

న్యాయమైన మాట. నోలా బల్ల మీది చాకు తీసి ఒక కాయ కోసింది, ముక్క నోట్లో వేసుకుంది.

మొదట పులుపు. ఆ వెనకాలే తేనె. ఆ తేనె అడుగునుంచి మెల్లిగా సోంపు వాసన పైకి వచ్చింది. నోలా నమలడం ఆపేసింది. ఆ వాసన తనకి తెలుసు. అది తాత కోటు జేబు వాసన. ఐదేళ్లలోపు పిల్ల, మొహం తాత జేబులో దూర్చేసి పీల్చిన వాసన. తాత సోంపు బిళ్లలు వేసుకునేవాడు కాబోలని ఇన్నేళ్లూ అనుకుంది. బిళ్లలు కావు. ఆ జేబులో ఆపిల్ ఉండేది. తాత చాకుతో ముక్క కోసి, ముందు తోలు గీకి, తన నోట్లో పెట్టేవాడు. గరుకు తోలు. పసుపు తోలు.

ఇదే. దీనిలో అనుమానం లేదు, వెతుక్కోవాల్సిందీ లేదు. ఇదే బర్డన్ బ్యూటీ. మరి తన పెరట్లోది ఏమిటి?

హాల్లో అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఇన్నేళ్లు ఆమె కథ విన్నవాళ్లు, ఆమె పుల్లలు నాటుకున్నవాళ్లు. 'ఇదేనయ్యా' అని ఒక్క మాట అంటే అయిపోయేది. నవ్వితే నవ్వేవారు, నాలుగు రోజులకి మర్చిపోయేవారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని నోలా తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. వచ్చినా ఏం లాభం, బయటికి వచ్చింది వేరే మాట.

"కాదు," అంది. "గింజ పడి మొలిచిన అడవి కాయ ఇది."

అంతటితో ఆగినా బాగుండేది. తప్పు చేస్తున్న మనిషి గొంతు ఊరికే పెద్దదవుతుంది కదా. "మా తాత పేరు ఇలా దొరికిన ప్రతి కాయ మీదా రాసుకోవడం బాగాలేదు వెర్న్. ఆ పేరు కోసం ఒక మనిషి కాలిపోయాడు," అంటూ పెన్ను తీసి ఆ అట్టముక్క మీద పేరు కొట్టేసింది.

వెర్న్ మెడ, చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి, మిగిలిన నాలుగు కాయలూ అందులో వేసుకున్నాడు.

"నువ్వు బర్డన్‌వి," అన్నాడు. "నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొరపాటైంది, ఏమనుకోకు."

క్షమాపణ చెప్పి మరీ వెళ్లాడు. ఆ సోంపు రుచి ఇంకా నోట్లో ఉండగానే నోలా ఆ క్షమాపణ పుచ్చుకుంది.

ఇంటికి వచ్చి తన చెట్టు కాయ కోసి తింది. తియ్యగా ఉంది, కరకరలాడింది, మంచి కాయ. సోంపు మచ్చుకి కూడా లేదు. ఇంకోటి కోసింది. దానిలోనూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న ఈ చెట్టు కాయ ఒక్కటి కూడా తినగా తాను చూడలేదు. ఎప్పుడిచ్చినా, పళ్లు బాగాలేవే తల్లీ అనేవాడు. బఠాణీలు మాత్రం కటకట నమిలేవాడు.

మర్నాడే డాట్ అత్త దగ్గరికి వెళ్లింది. సెసిల్ అక్క, తొంభై దాటినావిడ, టౌన్లో ముసలివాళ్ల ఆశ్రమంలో ఉంటుంది. కళ్లు మందగించాయి, నాలుక మందగించలేదు.

"అత్తా, తాత చెట్టు కాయ ఏ రంగు?"

"రోజూ చూసేదానివి నువ్వు. నన్నడుగుతావేం?"

"మంటలకి ముందు, అత్తా."

డాట్ చేతిలో అల్లిక ఆగిపోయింది.

"పసుపు," అంది. "పసుపు, గరుకు. మా తాత తన అత్తగారిని ఉడికించడానికి బ్యూటీ అని పేరు పెట్టాడు. ఆవిడ మొహం అచ్చం అలాగే ఉండేదట. ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మరి మా పెరట్లోది?"

"స్పై అని ఓ రకం. ఒట్టి వేరుమొక్క. లోయలో ప్రతి తోటా దాని వేళ్ల మీద అంటుకట్టిందే, కాని దాని కాయ చూసినవాడు లేడు. పైకి రానిస్తే కదా. మంటకి పైనున్న అంటు కాస్తా మాడిపోయింది. చిగురు లేచింది అంటు ముడికి జానెడు కిందనుంచి. చూడగానే తెలిసింది మాకు."

"నాన్నకి?"

"తోట చేసుకుని బతికినవాడు. వాడికి తెలియకపోవడమేంటే, పిచ్చిదానా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాడు? తండ్రిని పూడ్చి వచ్చాడు. కళ్లెదురుగా పచ్చగా కనబడింది ఆ ఒక్క చిగురే. నువ్వేమో దాని చుట్టూ గంతులేస్తూ, తాత లేచాడు, తాత లేచాడు అని. కాదే, అది తాత కాదు, ఒట్టి వేరు అని చెప్పమంటావా? పెద్దయ్యాక చెప్దామనుకున్నాడు. పెద్దయ్యాక నువ్వు ఊరందరికీ చెప్పుకుంటున్నావు. ఇంకేం చెప్తాడు?"

"ఊళ్లోవాళ్లు?"

"తెలిసిన ముసలాళ్లు నోళ్లు మూసుకున్నారు. మర్యాద తెలిసినవాళ్లు. వాళ్లంతా పోయారు, నేను మిగిలాను." డాట్ మళ్లీ అల్లిక అందుకుంది. "ఇంతకీ ఎలా తెలిసింది? ఎక్కడైనా దొరికిందా?"

"వెర్న్ హస్కెట్ ఇంట్లో ఉంది."

"వాళ్ల అమ్మమ్మ చెట్టు. ఇంకా ఉందా?" ముసలావిడ మొహం వెలిగిపోయింది. "మా నాన్నే ఇచ్చాడు ఆవిడకి పుల్ల. వెళ్లి పుల్ల తెచ్చుకో మరి. నాకో కాయ పట్రా. పళ్లు లేకపోతేనేం, చప్పరిస్తాను."

"తెస్తాను అత్తా," అంది నోలా. హాల్లో తాను చేసిన పని మాత్రం చెప్పలేదు. కారులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. అబద్ధమాడానని కాదు, నాన్న కోసమూ కాదు. పట్టుబడలేదని లోపల ఎక్కడో కాస్త హాయిగా ఉందని తెలిసి ఏడుపు వచ్చింది.

రేపు వెళ్లి చెప్పేద్దాం అనుకుంది. రేపు వాన పడింది. ఆదివారం అయితే వెర్న్ తీరిగ్గా ఉంటాడనుకుంది. ఆదివారం చుట్టాలొచ్చారు. మే నెల అలా పోయింది. చెప్పాల్సిన మాటలు గిన్నెలు తోముతూ వల్లె వేసుకునేది, నది మీద వంతెన దాకా కారు నడిపేది, వంతెన దగ్గర వెనక్కి తిప్పేది. రోజులు గడిచేకొద్దీ ఇంకో రోగం పట్టుకుంది, వెర్న్ మీద కోపం. ఎవడు తెమ్మన్నాడతన్ని ఆ కాయలు? అంతమందిలో కొరకమనడమెందుకు? ఇంటికి తెచ్చి చూపిస్తే ఏం పోయింది? ఆ కోపం ఎంత సిగ్గుమాలినదో తనకే తెలుసు. అయినా సిగ్గు కంటే కోపమే మోయడం తేలిక.

ఈలోగా ఊరు తన పని తాను చేసింది. పబ్బులో ఎవరో వెర్న్‌కి 'బ్యూటీ' అని పేరు పెట్టారు. "ఏం బ్యూటీ, ఇవాళ ఏం తాగుతావ్?" "బ్యూటీ, మీ దుంపలు ఉడికాయా?" జూన్‌లో ఒకరోజు కొట్లో నోలా చెవినే పడింది. గల్లా దగ్గర కుర్రవాడొకడు, "చిల్లర తీసుకో బ్యూటీ," అన్నాడు. వెర్న్ నవ్వి చిల్లర జేబులో వేసుకున్నాడు. అది నవ్వు కాదని చూసినవాళ్లకి తెలుస్తుంది. నోలా ఈస్టు పొట్లాలున్న అర వైపు తిరిగి, వాటి మీది అక్షరాలు చదువుతూ నిలబడింది, అతను బయటికి వెళ్లేదాకా.

జులై వచ్చింది. మంచు విడిచిన ఓ ఉదయం నోలా పెరట్లో కత్తెర పట్టుకుని ఉండగా గేటు చప్పుడైంది. వెర్న్. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఏం లేదమ్మా నోలా, పుల్లలు ఇస్తావని అందరూ అంటుంటే వచ్చాను. అసలైన దాని పుల్లలు నాలుగు ఇస్తావా? మా అమ్మమ్మ మోసపోయి ఉంటుంది, పాపం ఆవిడకి ఆ పేరంటే మహా ఇష్టం. ఆవిడ పెరట్లో అసలుదే ఉండాలని నాకు."

ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు, అంటోంది నోలా మనసు. చేతులు మాత్రం చెట్టు వైపు తిరిగాయి. అడిగిన మనిషికి లేదనకూడదు కదా అని సర్దుకుంది. ఇస్తే ఏమవుతుంది, దాని పక్కన ఇదీ ఉంటుంది, అతని అసలు చెట్టు ఎక్కడికీ పోదు, ఎప్పుడో ఒకప్పుడు నింపాదిగా చెప్పొచ్చు. నున్నటి పుల్లలు చూసి నాలుగు కత్తిరించింది, తడి గుడ్డ చుట్టింది, అతని చేతిలో పెట్టింది. అతని కళ్లలోకి మాత్రం చూడలేదు.

వెర్న్ పద్ధతి ప్రకారం నోరు బిగించుకుని తల ఊపాడు. ఎంత శ్రద్ధగా బిగించుకున్నాడంటే పెదవులు తెల్లబడ్డాయి. గేటు దాకా వెళ్లి అప్పుడు అన్నాడు:

"చోటు కూడా సిద్ధంగానే ఉంది. ఆ అడవిదాన్ని మొన్న మా మేనల్లుడి ట్రాక్టర్‌కి గొలుసు కట్టి పీకించేశాను."

"పీకించావా?"

"దాన్ని చూసినప్పుడల్లా హాలు గుర్తొస్తోంది. ఎందుకులే అని."

"కొమ్మలు? కొమ్మలేం చేశావ్ వెర్న్?"

"కుప్పేశాను. పొద్దున్నే నిప్పు పెట్టి వచ్చా. తడిసి ఉంది కదా, ఇంకా పొగే వస్తుంటుంది."

నోలా చేతిలోంచి కత్తెర జారిపోయింది. "అదే," అంది. "వెర్న్, అదే మా తాత చెట్టు. అదే బర్డన్ బ్యూటీ. ఇది కాదు. ఇది ఒట్టి స్పై."

ఆమెకి ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశాడు వెర్న్. "కాసేపు కూర్చో అమ్మా. నీళ్లు తెమ్మంటావా?"

"నిజం వెర్న్. మంటకి అంటు పోయి, కింది వేరు లేచింది."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవుతుంటే మొహం మారడం నోలా నిలబడి చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

డాట్ అత్త చెప్పింది అనొచ్చు. సగం నిజమే. మొన్నీమధ్యే తెలిసింది అని కలిపితే పరువు సగమైనా దక్కేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అతను ఇంకా ఆ పుల్లల్ని తడిగుడ్డతో సహా రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు. అది చూసి నోలా అబద్ధం ఆడలేకపోయింది.

"హాల్లో," అంది. "కొరికినప్పుడే."

వెర్న్ తిట్టలేదు. తిడితే బాగుండునని నోలా గట్టిగా కోరుకుంది. పుల్లల కట్టని గేటు స్తంభం మీద పెట్టి, తన బండి తలుపు తెరిచాడు.

"ఎక్కు," అన్నాడు.

వంతెన దాటుతున్నప్పుడు ఒక్కసారి నోరు విప్పాడు. "నన్ను బ్యూటీ అంటున్నారు. తెలుసా నీకు?"

"తెలుసు."

దూరం నుంచే నది మీదికి పొగ పాకుతూ కనిపించింది.

కుప్ప అడుగున మాను లోపల్లోపలే కాలుతోంది. గాలికి ఎదురుగా ఉన్న కొమ్మలు నల్లబడి ముడుచుకుపోయాయి. నోలా కుప్ప అవతలివైపుకి పరిగెత్తింది, పొగలో చెయ్యి పెట్టి దొరికిన కొమ్మ లాగింది. వెర్న్ మోకాళ్ల సంగతి మర్చిపోయి ఇంకోవైపు లాగాడు. ఇద్దరూ దగ్గుతూ, కళ్లు మండుతూ, ఒకరినొకరు చూసుకోకుండా లాగారు. నోలా ముందు జుట్టు కమిలింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఐదేళ్ల వయసులో నాన్న భుజం మీదినుంచి చూసిన మంట తాతని, ఇంటిని, ఈ చెట్టుని తినేసింది. దాని నోటికి అందకుండా ఒక్క ముక్క నది అవతల దాక్కుంటే, దాన్ని కూడా తెచ్చి మంటలో పెట్టింది తానే. వెర్న్ కాదు, తానే. పొగలో ఆ సంగతి మొహాన కొట్టినట్టు తెలిసింది.

బయటికి లాగిన కొమ్మల్ని గడ్డి మీద పరిచారు. ప్రతి పుల్లనీ గోటితో గీకి చూసింది నోలా. బెరడు కింద గోధుమరంగు, చచ్చింది. ఇదీ చచ్చింది. ఇదీ. చివరికి ఒక కొసన గీకినచోట పచ్చగా కనబడింది. వెర్న్ వంగి చూశాడు.

"పచ్చగా ఉంటే బతికున్నట్టేనా?"

"ఆ."

మధ్యాహ్నం దాకా వెతికితే పిడికెడు పుల్లలు తేలాయి. వెర్న్ వాటిని తడి పేపర్లో చుట్టి, వంటింట్లో ఫ్రిజ్‌లో చేపల ఎర డబ్బా పక్కన పెట్టాడు. ఒక్కటి కూడా నోలాకి ఇవ్వలేదు. నోలా అడగలేదు. అడిగితే లేదనడని తెలుసు, పద్ధతి తప్పే మనిషి కాదు. అందుకే అడగలేకపోయింది. వెర్న్ ఆమెని తిరిగి గేటు దగ్గర దింపి, బండి ఆపకుండానే వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో హాల్లో అంటుకట్టే రోజు. బల్లల మీద కత్తులు, మైనం, రబ్బరు పట్టీలు, ఓ మూల స్కోన్ రొట్టెలు, టీ. నోలా ఏప్రిల్లో నిలబడ్డచోటే నిలబడి, చెంచాతో కప్పు మీద కొట్టింది. ఏదో తాత కథ మళ్లీ మొదలెడుతుందనుకుని మేమంతా మొహాలు సర్దుకున్నాం.

"వెర్న్ తెచ్చిన కాయే అసలుది," అంది. "నాది కాదు. మీరందరూ నా దగ్గర తీసుకెళ్లి నాటుకున్నవీ కావు. అవి స్పై. ఆ రోజు కొరకగానే నాకు తెలిసింది. తెలిసి కూడా కాదన్నాను. ఇక్కడే, మీ అందరి ముందు. తర్వాత ఇన్ని నెలలూ నోరు మూసుకున్నాను. అతన్ని మీరు ఏమని పిలుస్తున్నారో నా చెవిన పడుతూనే ఉంది. అప్పుడూ మూసుకున్నాను."

పబ్బులో ఆ పేరు పెట్టినవాడు బూట్ల వైపు చూసుకుంటున్నాడు. చివరికి కోతపండగ పనులు చూసే బెవ్ మెల్లిగా అంది, "పోనీలే నోలా. మంచి కాయే కదా అదీ. ఆపిల్ పై చేస్తే మా ఇంట్లో నలుగురూ లొట్టలేస్తారు." ఆ దయ తిట్టుకంటే గట్టిగా తగిలింది. నోలా చెవులు మండిపోయాయి.

"టీ చల్లారుతోంది," అన్నారెవరో, అందరూ గబగబా టీ వైపు నడిచారు.

అప్పుడు వెర్న్ లేచాడు. చంకలోంచి తడి పేపరు చుట్ట తీసి విప్పాడు. బల్ల బల్లకీ వెళ్లి మనిషికో పుల్ల ఇచ్చాడు. బెవ్‌కి ఇచ్చాడు. కొట్లో కుర్రవాడికి ఇచ్చాడు. బూట్లు చూసుకుంటున్నవాడి చేతిలోనూ పెట్టాడు. ఒక్కొక్కరూ నోరు బిగించుకుని తల ఊపారు. చేతిలో పుల్లలు తగ్గుతున్నాయి. నోలా మైనం గిన్నె దగ్గర నిలబడి మైనం కలుపుతోంది, తన వంతు ఉండదని తెలిసిన మనిషిలా, అటు చూడకుండా.

వెర్న్ బూట్లు ఆమె ముందు ఆగాయి. వెర్న్ చేతిలో ఒక్క పుల్ల మిగిలింది. ఒకవైపు బెరడు మీద పొగమసి ఇంకా ఉంది. దాన్ని ఆమె చేతికి అందించాడు.

ఆ బొబ్బల మచ్చల అరచేతిలోకి పుల్లని తీసుకుంది నోలా. ఏప్రిల్ నుంచి గిన్నెలు తోముతూ, వంతెన దగ్గర వెనక్కి తిరుగుతూ వల్లె వేసుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. క్షమించమని చెప్పడానికి నోరు తెరిచింది.

"ఏమీ అనకు," అన్నాడు వెర్న్. "అతుక్కోదు."

నోలా నోరు మూసుకుని తల ఊపింది.